నౌపడా–గుణుపూర్ లైను: పట్టాలు వెడల్పయ్యాయి, దారి మాత్రం అక్కడే ఆగింది

శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి ఒడిశాలోని గుణుపూర్ దాకా వెళ్లే రైలు లైను ఊసెత్తితే చాలామందికి పొగబండి, దాని కూతే గుర్తొస్తాయి. ఆ ముచ్చట కాదనను. కానీ వందేళ్లపాటు ఆ లైనును ఎదగనివ్వనిది పాత ఇంజన్ కాదు, పట్టాల మధ్య దూరం.

1890ల్లో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మెయిన్ లైను నౌపడా మీదుగా శ్రీకాకుళం తీరం వెంబడి సాగిపోయింది. పర్లాకిమిడి దానికి 40 కిలోమీటర్ల లోపల ఉండిపోయింది. అక్కడి జమీందారు గౌరచంద్ర గజపతి సర్కారు కోసం చూడకుండా సొంత ఖర్చుతో నౌపడా నుంచి లైను వేయించారు. 1898లో పని మొదలైంది, 1900లో బండి నడిచింది. సుమారు 7 లక్షల రూపాయలైంది. జమీందారీ ఖజానాతో అయ్యే పని కనుక రెండున్నర అడుగుల నారోగేజ్‌కే మొగ్గారు. తొలినాళ్లలో నష్టాలే. నిర్వహణ బెంగాల్ నాగపూర్ రైల్వే చూసుకుంది. 1931 నాటికి లైను గుణుపూర్ చేరి, 90 కిలోమీటర్లయింది.

దీనిపై పేరు తెచ్చుకున్నవి పీఎల్ తరగతి 0-6-4 ట్యాంక్ ఇంజన్లు. ముందు చిన్న చక్రాలుండవు. బండిని లాగే ఆరు చక్రాలు, వాటి వెనక బరువు మోసే నాలుగు, అంతే. నీళ్లు, బొగ్గు ఇంజన్‌లోనే ఉంటాయి, వాటిని మోసే టెండర్ పెట్టెను వెనక తగిలించక్కర్లేదు. అందుకే చివరి స్టేషన్‌లో ఇంజన్‌ను తిప్పకుండానే వెనక్కి నడపొచ్చు. చిన్న లైనుకు ఇంతకంటే తెలివైన ఎంపిక ఉండదు.

చిక్కంతా నౌపడాలో. నారోగేజ్ వ్యాగన్ మెయిన్ లైను ఎక్కదు. ప్రతి బస్తా దించి, మళ్లీ ఎక్కించాలి. ఉప్పుకు పేరున్న ఊళ్లో, రైలు ఉండి కూడా సరుకుకు రెండో కూలి తప్పలేదు. లారీలు వచ్చాక ఆ పోటీలో ఏం నిలుస్తుంది?

1936లో ఒరిస్సా ఏర్పడి, పర్లాకిమిడి అటు వెళ్లింది. ఆ విలీనం నచ్చకే గిడుగు రామమూర్తి ఊరు వదిలి రాజమండ్రి చేరారు. పాతపట్నం ఇటు, పర్లాకిమిడి అటు. రెండు రాష్ట్రాల అంచున పడ్డ లైను ఏ రాజధానికీ మొదటి పని కాలేదని నా అనుమానం.

2004లో నారోగేజ్ బళ్లు ఆగాయి, మెయిన్ లైను వెడల్పున్న బ్రాడ్‌గేజ్ బండి 2011లో గానీ రాలేదు. ఏడేళ్లు! అంతకాలం బస్సుకు అలవాటు పడ్డ జనాన్ని మళ్లీ రైలెక్కించాలంటే బళ్లు తరచుగా ఉండాలి. గేజ్ మార్చడంతో పని అయిపోయిందనుకోవడమే పొరపాటు, ఎందుకంటే గుణుపూర్ దాటితే పట్టాల్లేవు.

గుణుపూర్ నుంచి ఒడిశాలోనే రాయగడ జిల్లా తెరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే రాయ్‌పూర్–విజయనగరం మార్గానికి నౌపడా నేరుగా కలుస్తుంది, గూడ్సు రద్దీ పెరుగుతుంది. టెక్కలి, టెంబూరు, కాశీనగర్ ప్రయాణికుల బండిని ఆ గూడ్సుల కోసం గంటలకొద్దీ ఆపకుండా ఎదురెదురు బళ్లు తప్పుకునే క్రాసింగ్ స్టేషన్లకు ఇప్పుడే చోటు చూసుకోవాలి.