శనివారం రాత్రి తొమ్మిదైతే మేమూ పోలీసులమే

మొన్న మా అబ్బాయి కారులో ఏదో హత్య కేసు పాడ్‌కాస్ట్ పెట్టాడు. నలభై నిమిషాలు విన్నాను. మధ్యలో మూడుసార్లు పరుపుల ప్రకటన. చివర్లో ఆ పాడ్‌కాస్ట్ చెప్పే ఆవిడ, "భర్తే చేశాడని నాకనిపిస్తోంది, మీరేమంటారు?" అని అడిగి వెళ్ళిపోయింది. నేనేమంటానమ్మా? పోయినావిడ నాకు తెలుసా, ఆ భర్త మొహం చూశానా? ఇంటికొచ్చాక కూడా ఒళ్ళు మంట చల్లారక ఇది రాస్తున్నాను.

1999లో, 2000 వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పుతాయన్న వైటూకే భయం పుణ్యమా అని న్యూజెర్సీ ఎడిసన్‌లో దిగినవాళ్ళం మేం నలుగురం. ఒకే బెడ్‌రూమ్, నాలుగు పరుపులు, ఎవరో బయట పెడితే మోసుకొచ్చుకున్న టీవీ. శనివారం రాత్రి పప్పుచారు, అప్పడాలు, తొమ్మిదింటికి ఫాక్స్‌లో 'అమెరికాస్ మోస్ట్ వాంటెడ్'. లెదర్ జాకెట్ వేసుకుని జాన్ వాల్ష్ వచ్చి, పారిపోయినవాడి ఫొటో చూపించి, ఫోన్ నంబర్ చెప్తుంటే మేం కంచాలు పట్టుకుని అలా ఉండిపోయేవాళ్ళం.

ఆయన టీవీలో పేరు కోసం వచ్చిన మనిషి కాదు. హోటళ్ళ రంగంలో ఉండేవాడు. 1981లో ఫ్లోరిడాలో ఒక మాల్‌లోంచి ఆరేళ్ళ కొడుకు ఆడమ్‌ని ఎత్తుకుపోయి చంపేశారు. ఆ గొంతులో కోపం స్క్రిప్టు రాసిస్తే వచ్చేది కాదు. 1988 ఫిబ్రవరిలో మొదటి ఎపిసోడ్ వచ్చింది. అందులో చూపించినవాడు నాలుగు రోజుల్లో దొరికాడు. న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లో వేరే పేరుతో నిరాశ్రయుల షెల్టర్ నడుపుతున్నాడట! ఆ తర్వాత 2011లో ఫాక్స్ ఆపేసే నాటికి 1,100 మందికి పైగా పట్టుబడ్డారు.

నన్ను ఇప్పటికీ వదలనిది మాత్రం జాన్ లిస్ట్ కథ. మా ఎడిసన్ నుంచి అరగంట కూడా పట్టదు వెస్ట్‌ఫీల్డ్ ఊరు. 1971 నవంబర్‌లో అక్కడ ఈ అకౌంటెంట్ తల్లిని, భార్యను, ముగ్గురు పిల్లల్ని కాల్చి చంపి, ఇంట్లో లైట్లు వెలుగుతుండగానే వెళ్ళిపోయాడు. దాదాపు నెల దాకా ఎవరికీ తెలియలేదు. పద్దెనిమిదేళ్ళ తర్వాత ఫ్రాంక్ బెండర్ అనే శిల్పి, వాడు ముసలైతే ఎలా ఉంటాడో ఊహించి మట్టితో తల చేశాడు. జారిన దవడలు, మందపాటి కళ్ళజోడు. 1989 మేలో ఆ బొమ్మను టీవీలో చూపించారు. పాత పొరుగావిడ ఒకరు గుర్తుపట్టి ఫోన్ చేశారు. పదకొండు రోజుల్లో వర్జీనియాలో దొరికాడు. పేరు మార్చాడు, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఉద్యోగం మాత్రం మళ్ళీ అకౌంటెంటే. కళ్ళజోడు కూడా ఇంచుమించు అదే!

ఇక్కడే నా గొడవంతా. ఆ షో అడిగింది 'వీడెక్కడున్నాడు?' అని. వారెంట్ అప్పటికే ఉంది, పేరుంది, ఎత్తుంది, ఎక్కడ మచ్చ ఉందో ఉంది. నువ్వు ఫోన్ చేసి పెట్టేస్తే, నిజమో కాదో చూసుకునే పని పోలీసులది. ఇప్పుడందరూ అడిగేది 'ఎవరు చేసుంటారు?' అని. దానికి ఫోన్ కూడా అక్కర్లేదు, నోరుంటే చాలు. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తర్వాత ఆన్‌లైన్ డిటెక్టివులంతా కలిసి, ఏ సంబంధమూ లేని ఒక విద్యార్థిని నేరస్తుణ్ణి చేశారు. మన జీ టీవీలో 'ఇండియాస్ మోస్ట్ వాంటెడ్' నడిపిన సుహైబ్ ఇలియాసీ సంగతే చూడండి. 2000లో భార్య మరణించింది, 2017లో హత్య కేసులో శిక్ష పడింది, 2018లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. కోర్టులకే ఇన్నేళ్ళు పట్టింది. పాడ్‌కాస్ట్ ఆవిడకు నలభై నిమిషాలు సరిపోయాయి.

అలాగని ఆ రోజులు బంగారం అనను. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2001 అక్టోబర్‌లో వాల్ష్ ఒక స్పెషల్ చేశాడు, ఎఫ్‌బీఐ కొత్తగా విడుదల చేసిన 22 మంది ఉగ్రవాదుల జాబితాతో. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ జోకులు వేయలేదు. అరిజోనాలో ఒక సిక్కు పెట్రోల్ బంకు యజమానిని తలపాగా చూసి కాల్చి చంపి అప్పటికి నెల కూడా కాలేదు. అన్నాళ్ళూ మేం వెతికే కళ్ళం. ఇప్పుడు రైల్లో ఎదుటి సీటువాడు మమ్మల్ని అలా చూస్తున్నాడు. టీవీ చూపించింది 22 మొహాలే అయినా, బయట జనం చూసింది ఒంటి రంగునే. ఆ వారం నలుగురం గడ్డాలు గీసుకున్నాం.

మేమూ తక్కువ తినలేదు లెండి. అంతకు ముందు ఏడాది ఒక రాత్రి మా రూమ్మేట్ అప్పడం వదిలేసి లేచాడు. "ఒరేయ్, మన లాండ్రీలో కూర్చునేవాడు వీడేరా!" ఇంకొకడు ఫోన్ లాక్కున్నాడు. "నోర్ముయ్‌రా, హెచ్‌వన్ వీసా మీద ఉన్నాం, మనకెందుకు పోలీసు గొడవ?" అరగంట వాదన. టీవీలో చెప్పిన గుర్తు, ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు. సరే, అది చూశాకే ఫోన్ అని తీర్మానించి, మర్నాడు ఉతికిన బట్టలే మళ్ళీ మూట కట్టుకుని వెళ్ళాం. ఆయన పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాడు. మేం మెషీన్ దగ్గర నిలబడి ఆయన చెయ్యి వంకే చూస్తున్నాం. ఆయన కాసేపు మమ్మల్ని చూసి, చిల్లర లేక ఇబ్బంది పడుతున్నామనుకున్నట్టున్నాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, సొరుగులోంచి నాలుగు క్వార్టర్ నాణేలు తీసి మా రూమ్మేట్ చేతిలో పెట్టాడు.

చేతి మీద ఏమీ లేదు.