కులం గడిలో ఏం రాయాలి?

2025 అక్టోబరులో ఒక మధ్యాహ్నం బెంగళూరు రామమూర్తి నగర్‌లోని మా ఇంటికి సర్వే టీచరమ్మ వచ్చింది. మెడలో ఐడీ కార్డు, చేతిలో ఫోను. అప్పటికే ఎన్ని మెట్లు ఎక్కి దిగిందో, రాగానే కుర్చీలో కూలబడింది. అమ్మ మంచినీళ్లిచ్చింది. కర్ణాటక వెనుకబడిన వర్గాల కమిషన్ చేయిస్తున్న సామాజిక, విద్యా సర్వే అది. పేర్లు, వయసులు, చదువులు అయ్యాయి. మతం దగ్గర అమ్మ టక్కున ‘క్రైస్తవులం’ అంది. తర్వాతి ప్రశ్న: ‘జాతి?’

కన్నడంలో జాతి అంటే మన కులం. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాం, అమ్మకు ఆ మాట అర్థం కాక కాదు. నా వైపు చూసి, ‘మాకు అవేం లేవమ్మా’ అంది. టీచరమ్మ నవ్వింది. ‘అందరూ అదే అంటారండీ. ఏదో ఒకటి చెబితే నేను నొక్కుకుంటా’ అంది, తెలుగులోనే.

ఆ జాబితా మీద అప్పటికే పెద్ద రచ్చ నడిచింది. కొన్ని కులాల పేర్లకు ‘క్రైస్తవ’ అని తగిలించి రాశారు: మాదిగ క్రైస్తవ, బ్రాహ్మణ క్రైస్తవ, ఒక్కలిగ క్రైస్తవ, ఇలా. మతమార్పిడులకు ఇది దొడ్డిదారి అని బీజేపీ గొడవ చేసింది. గవర్నరు ముఖ్యమంత్రికి లేఖ రాశారు. చివరికి అలాంటి 33 పేర్లు యాప్‌లో కనిపించకుండా చేశారు. ఆ వారం మా క్రైస్తవ సంఘంలోనూ ఇదే మాట. ‘క్రీస్తులో కులం ఏంటి, అవమానం కాకపోతే!’ అని పెద్దలు బాగానే కోప్పడ్డారు. రాజకీయ నాయకులూ మా పెద్దలూ ఒకే మాట మీదికి రావడం నేను చూసింది అదే మొదటిసారి.

నాకు ఆ కోపం నమ్మబుద్ధి కాలేదు. అదే పెద్దలున్న వాట్సాప్ గ్రూపులో పెళ్లి సంబంధాల బయోడేటాలు వస్తుంటాయి. ‘దేవుని యందు భయభక్తులు గల కుటుంబం, సాఫ్ట్‌వేర్, వైట్‌ఫీల్డ్‌లో సొంత ఫ్లాట్’ అని ఉంటుంది. కింద ఎక్కడో బ్రాకెట్‌లో కులం. బ్రాకెట్ లేకపోతే ఎవరో ఒకరు పాస్టర్ గారికి ఫోన్ చేసి అడుగుతారు: ‘మనోళ్లేనా అయ్యగారూ?’ బాప్తిస్మం అయ్యిందా లేదా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

కానీ ‘మాకు కులం లేదు’ అన్న మాట ఎవరు అంటున్నారన్న దాన్ని బట్టి అర్థం మారిపోతుంది. మా అమ్మ నోట అది భయం. ఆ భయం ఎక్కడ పుట్టిందో చెప్పాలంటే మా నాన్న, బాబాయిల సంగతి చెప్పాలి. ప్రకాశం జిల్లాలో ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు. నాన్న క్రైస్తవుడినని రాయించుకుని బీసీ-సి సర్టిఫికెట్ తీసుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు ఉన్న గ్రూపు అదే, రిజర్వేషన్ ఒక్క శాతం. బాబాయి ‘హిందూ మాదిగ’ అని తీసుకుని ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆయన ఒక్క ఆదివారం కూడా చర్చి మానడు. పండక్కి ఇద్దరూ కలిస్తే ఈ విషయం ఎవరూ ఎత్తరు. ఒకరిది నిజాయితీ, ఇంకొకరిది మోసం అని నేను తేల్చలేను. ఆ పరిస్థితి తెచ్చిపెట్టింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివారికి ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. దళిత క్రైస్తవులకూ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022లో మళ్లీ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఈలోగా 2025 ఏప్రిల్ చివర్లో, ఒక పాస్టర్ పెట్టిన కేసును ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవం తీసుకున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదంటూ కొట్టేసింది. తిట్టేవాడు మాత్రం బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి తిట్టడు కదా.

పై కులం నుంచి వచ్చిన క్రైస్తవుడు అదే ‘మాకు కులం లేదు’ మాట అన్నప్పుడు ఆయన పోగొట్టుకునేది ఏమీ ఉండదు. పొలం, ఇంటిపేరు, చుట్టరికం, ఊళ్లో పలుకుబడి అన్నీ ఆయనతోనే వస్తాయి. కులం లేదంటే ఆయనకు వాటి లెక్క చెప్పే పని కూడా తప్పుతుంది.

తెలుగు సంఘాల పుట్టుకలోనే ఈ పేచీ ఉంది. ఒంగోలులో అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొర దగ్గరికి మొదట్లో పై కులాల వాళ్లు కొందరు వచ్చారు. మాదిగలను చేర్చుకోకపోతే మేం వస్తాం అన్నారు. క్లౌ, ఆయన భార్య చెరో గదిలో ప్రార్థన చేసి బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం వచ్చిందని ఆయన తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. లోకంలో నీచులైన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం అది. క్లౌ మాదిగల వైపే నిలబడ్డారు. 1876-78 కరవులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వాళ్లకు కూలి చూపించారు. కూడు కోసం మతం మారారన్న మాట రాకూడదని కరవు పనులు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాత 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి ఇచ్చారు. ఈ అంకె మా ఇంట్లో పిల్లలకు కూడా నోటికి వస్తుంది. తర్వాత జరిగింది మాత్రం ఎవరూ పిల్లలకు చెప్పరు. చాలా చోట్ల మిషన్ల సరిహద్దులే కులాల సరిహద్దులయ్యాయి. ఫలానా మిషన్ అంటే మాలలు, ఫలానాది అంటే మాదిగలు, ఫలానా ఊరి కతోలిక సంఘమంటే రెడ్లు. కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో దళితుల కోసం తెచ్చిన విధాన పత్రంలో సంఘంలో వివక్ష ఉందని ఒప్పుకుంది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోనీ 2022లో తొలి దళిత కార్డినల్ (పోప్ తర్వాతి పదవి) అయ్యారు. దేశంలోని కతోలికుల్లో దళితులే ఎక్కువ అని తెలిసినవాళ్లకు ఆ సంతోషంలో కొంచెం సిగ్గు కూడా కలిసే ఉంటుంది.

టీచరమ్మ అడిగిన ‘జాతి’ నా తల్లోంచి పోలేదు. తెలుగులో జాతి వివక్ష అంటే మనకు రంగు, అమెరికా, దక్షిణాఫ్రికా గుర్తొస్తాయి. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి సభ జరిగినప్పుడు కులం వేరు, జాతి వేరు అని మన ప్రభుత్వం గట్టిగా వాదించింది. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ తిరువనంతపురంలో దళిత పిల్లల బడికి వెళ్తే, అక్కడి ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడు అని పరిచయం చేశాడు. మొదట మనసు చివుక్కుమందని, ఆలోచిస్తే నిజమే అనిపించిందని ఆయన తర్వాత తన ప్రసంగంలో చెప్పుకున్నారు. దక్షిణాఫ్రికాలో 1857లో డచ్ రిఫార్మ్డ్ సంఘం ఒక చిన్న సడలింపు ఇచ్చింది. కొందరి ‘బలహీనత’ కారణంగా, అంటే నల్లవాళ్ల పక్కన కూర్చోలేని తెల్లవాళ్ల కోసం, వేరే ఆరాధన, వేరే బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్ల) పెట్టుకోవచ్చంది. తర్వాత చర్చీలే వేరయ్యాయి. ఇరవయ్యో శతాబ్దంలో అపార్థీడ్‌కు, అంటే జాతుల్ని విడదీసే ప్రభుత్వ విధానానికి, బైబిలు ఆధారం చూపించింది కూడా ఆ సంఘమే. ప్రపంచ రిఫార్మ్డ్ సంఘాల కూటమి దాన్ని దుర్బోధ అని ప్రకటించేసరికి 1982 వచ్చింది.

బల్ల దగ్గర మా సంఘంలో తేడా ఏం లేదు, అందరికీ ఒకే రొట్టె. అయితే మేం అద్దెకు తీసుకున్న హాల్లోనే మా ఆరాధన అయ్యాక ఆఫ్రికా విద్యార్థుల ఆరాధన ఉంటుంది. వాళ్లు మెట్ల మీద గిటార్లు పట్టుకుని నిలబడి ఉంటారు, మేం పక్కనుంచి దిగిపోతాం. నాలుగేళ్లలో రెండు సంఘాలూ కలిసి ఒక్క ప్రేమవిందు చేసుకోలేదు. హెణ్ణూరు, కొత్తనూరు వైపు ఇళ్లున్న మా సభ్యులు ఇద్దరు ‘ఆఫ్రికా వాళ్లకు అద్దెకు ఇవ్వం’ అన్న నియమాన్ని బోర్డు పెట్టకుండానే పాటిస్తారు. 2016 జనవరి చివర్లో ఈ నగరంలో ఎవరో సూడాన్ విద్యార్థి కారు ప్రమాదం చేస్తే, ఆ దారిన వచ్చిన టాంజానియా అమ్మాయిని కారులోంచి లాగి కొట్టారు. ఆ ఆదివారం మా ప్రార్థన మనవుల్లో ఆ అమ్మాయి లేదు.

మరి సంఘం ఏం చేయాలి? ఈ ప్రశ్నకు నాకు దొరికిన పనికొచ్చే జవాబు అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో ఉంది. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ భోజనం సరిగ్గా అందడం లేదని సణుగుడు మొదలైంది. క్రీస్తులో భాషాభేదం లేదమ్మా అని అపొస్తలులు వాళ్లను పంపేయలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే ఫిర్యాదు చేసినవాళ్ల మనుషుల చేతికే గరిటె ఇచ్చారు.

మా దగ్గర గరిటె ఎవరి చేతిలో ఉందో చెప్తాను. బెంగళూరు పౌరకార్మికుల్లో, అంటే వీధులూడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో, చాలామంది ఇంటి భాష తెలుగు. ఎక్కువమంది తరాల కిందట ఆంధ్ర నుంచి వచ్చిన మాదిగ కుటుంబాలు. 2022 జులైలో వాళ్లు సమ్మె చేశారు. 2025 మే 1న 12 వేల మందికి పైగా పర్మనెంట్ ఉత్తర్వులు అందుకున్నారు. ఆ గెలుపు వాళ్లదీ వాళ్ల యూనియన్లదీ. సమ్మె రోజుల్లో మా సంఘం నుంచి ఒక్క మజ్జిగ ప్యాకెట్ కూడా పోలేదు. డిసెంబరులో మాత్రం వాళ్లకు దుప్పట్లు పంచి ఫొటో దిగుతాం. వాళ్లలో ముగ్గురు అక్కలు మా సంఘ సభ్యులే. వెనక వరసలో కూర్చుంటారు, కానుక తప్పకుండా వేస్తారు. దుప్పట్లు ఎవరికి ఇవ్వాలో తేల్చే కమిటీలో వాళ్లెవరూ లేరు. ఎవరూ వద్దన్నది లేదు. కమిటీ మీటింగ్ శనివారం పొద్దున పదింటికి. ఆ టైంకి వాళ్లు చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉంటారు.

ఇంతకీ ఆ రోజు అమ్మ నీళ్ల గ్లాసు తీసుకెళ్లి వంటింట్లో పెట్టి వచ్చి, గొంతు తగ్గించి ‘మాదిగ అని రాసుకోమ్మా’ అంది. టీచరమ్మ ఫోన్‌లో ఏదో నొక్కి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

పోయిన నెల కమిటీకి ఒక లెటర్ రాశాను. మీటింగ్ సాయంత్రం ఐదింటికి మారిస్తే ఆ అక్కల్లో ఒకరైనా నిలబడతారని. జవాబు మర్యాదగానే వచ్చింది: ‘సాయంత్రం పెద్దలకు కుదరదు బ్రదర్, ప్రార్థిద్దాం.’