తక్కెట్లో ఎవరు కూర్చున్నారు?

(తెనాలి. వంటింట్లో రాజ్యం మినప్పప్పు వేయిస్తోంది. గడప దగ్గర పీట మీద సుబ్బారావు, చేతిలో పత్రిక, పెన్సిలు. మధ్యలో చేతి తక్కెడ.)

సుబ్బారావు: "1968 'తులాభారం'కి జాతీయ ఉత్తమ నటిగా ఊర్వశి అవార్డు పొందిన తార. మూడక్షరాలు." జ-ము-న.

రాజ్యం: శా-ర-ద. ఇదీ మూడే.

సుబ్బారావు: తులాభారంలో శారదెక్కడుందే? సత్యభామ జమున, రుక్మిణి అంజలీదేవి, కృష్ణుడు రామారావు. ఇంకా ఎవరు కావాలి?

రాజ్యం: అది 'శ్రీకృష్ణ తులాభారం', 1966. వాళ్ళు అడుగుతున్నది మలయాళం సినిమా.

సుబ్బారావు: ఓహో. మలయాళంలో కృష్ణుడెవరు?

రాజ్యం: కృష్ణుడు లేడు.

సుబ్బారావు: మరి తక్కెట్లో ఎవరు కూర్చున్నారు?

రాజ్యం: ఎవరూ కూర్చోలేదండీ బాబూ!

సుబ్బారావు: ఖాళీ తక్కెడకి అవార్డిచ్చారా?

రాజ్యం: మొగుడు పోయిన పేదరాలు ఆకలికి తాళలేక ముగ్గురు పిల్లల్నీ చంపుకుంటుంది. తను మాత్రం మిగిలిపోతుంది. కోర్టులో నిలబడి తనకి ఉరి వెయ్యమంటుంది. తూచాల్సింది న్యాయాన్ని, కృష్ణుణ్ణి కాదు.

సుబ్బారావు: నారదుడు అడ్డుపడలేదూ?

రాజ్యం: ఈ పప్పు మాడితే మీ నారదుడిదే పూచీ! సన్న సెగ మీద అరగంట కదుపుతూనే ఉండాలి. పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉందా, సున్నుండ అంగిట్లో అతుక్కుంటుంది. సరే, 'మనుషులు మారాలి' చూశారా?

సుబ్బారావు: 1969. శోభన్‌బాబు. తువ్వాలు తడిసి ముద్దయింది.

రాజ్యం: అదే ఇది. తమిళంలోనూ హిందీలోనూ కూడా ఆవిడే. ఒకే కష్టాన్ని నాలుగు భాషల్లో ఏడ్చింది మహాతల్లి.

సుబ్బారావు: అందులోనూ తక్కెడ లేదే!

రాజ్యం: (గరిటె ఆపి) ఆ తక్కెడ పట్టుకుని ఎంతసేపు వేలాడతారు?

సుబ్బారావు: జమున మా దుగ్గిరాల ఆడపడుచని నీకు కడుపుమంట.

రాజ్యం: పుట్టింది హంపీలో, పెరిగింది దుగ్గిరాల్లో. శారద పుట్టిందే మా తెనాలిలో, సరస్వతి అసలు పేరు. దేశం మొత్తానికీ ఉత్తమ నటి, అదీ మూడుసార్లు! తులాభారం, 1972లో ఆదూర్ గోపాలకృష్ణన్ 'స్వయంవరం', ఆ తర్వాత మన తెలుగు 'నిమజ్జనం'.

సుబ్బారావు: స్వయంవరంలో...

రాజ్యం: విల్లు విరవలేదు! ముందే చెబుతున్నా.

సుబ్బారావు: (కాసేపాగి) జమున ఎంపీ కూడా అయింది.

రాజ్యం: ఎవరు కాదన్నారు? 1989లో రాజమండ్రి, కాంగ్రెస్. శారద 1996లో తెనాలి, తెలుగుదేశం.

సుబ్బారావు: అదేంటే, నేను జమునకే వేశాను ఓటు!

రాజ్యం: తెనాలి బూత్‌లో నిలబడి రాజమండ్రికి ఓటా? గోదావరి బ్రిడ్జి మీంచి చెయ్యి చాచారా?

సుబ్బారావు: సైకిలు మీద గుద్దాను. మనిషెవరైతేనేం?

రాజ్యం: గుద్ది, నిలువుగా మడవాల్సిన బ్యాలెట్టు అడ్డంగా మడిచారు. సిరా కింది గుర్తుకంటుకుందేమోనని రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

సుబ్బారావు: ఆ ఎంపీ పదవైనా పూర్తిగా ఉందా?

రాజ్యం: 1997 డిసెంబరులో లోక్‌సభ రద్దు. జమునదీ అంతే, 1991లో. అయిదేళ్ళు ఇద్దరికీ దక్కలేదు. మీరు ఓటేసిన ఆ తెనాలి సీటే లేదిప్పుడు, 2009 ఎన్నికలకల్లా ఊరు గుంటూరు సీట్లో కలిసింది.

సుబ్బారావు: హమ్మయ్య. తక్కెడ సమానం.

రాజ్యం: ముందు ఈ తక్కెడ చూడండి. కిలో పప్పుకి ముప్పావు కిలో బెల్లం తెమ్మన్నాను. అరకిలో రాయికే సరిపోయింది. పావుకిలో ఏ సత్యభామకిచ్చారు?

(సుబ్బారావు లేచి పెరట్లోకి వెళ్ళాడు. తులసాకు కడిగి తెచ్చి బెల్లం మీద పెట్టాడు. ముల్లు కదల్లేదు.)

రాజ్యం: (నవ్వాపుకుంటూ) రుక్మిణి వేస్తే తూగుతుందండీ, మీరు వేస్తే కాదు. కొట్టు కట్టేయకముందే వెళ్ళి పావుకిలో పట్రండి. ఎండగా ఉంది, గొడుగు వేసుకుని వెళ్ళండి. వచ్చేసరికి నెయ్యెక్కువేసి మీకో నాలుగు చుడతాను.

(జమున చెరిపి శారద రాసి, గొడుగు తీసుకుని వీధి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.)

సుబ్బారావు: మలయాళంలో రుక్మిణెవరన్నావ్?