తెల్లకార్డు గారూ, దేశాన్ని ఇంతలా చెడగొట్టారేమండీ!

మహారాజశ్రీ తెల్ల రేషన్ కార్డు గారికి,

నమస్కారాలు. ఆంధ్రాలో మీ పేరు బియ్యం కార్డు అయింది, తెలంగాణలో ఆహార భద్రత కార్డు అయింది. జనం నోట్లో మాత్రం మీరింకా తెల్లకార్డే కాబట్టి పాత పేరుతోనే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మా అపార్ట్‌మెంట్ మీటింగులో మొన్న మీ మీద ఘాటుగా చర్చ జరిగింది. అసలు ఎజెండా నీళ్ల ట్యాంకర్ల ఖర్చు. ఎవరింట్లోనో పనావిడ మూడు రోజులు నాగా పెట్టిందన్న మాట దగ్గర దారి తప్పి, ఉచిత బియ్యం మీదుగా, దేశం నాశనం దాకా వెళ్లిపోయాం. మీరిచ్చే బియ్యం తిని జనం పని మానేశారని ఏకగ్రీవంగా తేలింది.

నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. కేంద్రం లెక్కన మనిషికి నెలకు 5 కిలోలు, తెలంగాణలో 6. అంటే రోజుకు 165 గ్రాములు, మహా అయితే 200. ఆంధ్రాలో నలుగురున్న ఇంటికి 20 కిలోలు. కిలో 45 చొప్పున బయట కొన్నా తొమ్మిది వందలు. ఆ తొమ్మిది వందలు చూసుకుని ఒక కుటుంబం నెలంతా కాలు మీద కాలేసుకుని కూర్చుందట! అద్దె, కరెంటు, గ్యాస్ బండ, పిల్లాడి ఫీజు అన్నీ ఆ బియ్యంలోనే సర్దుకుందట. ఆ ఇంటి అడ్రసు మీ దగ్గర తప్పకుండా ఉంటుంది. దయచేసి పంపండి, మా ట్రెజరర్‌ను వాళ్ల దగ్గర ట్రైనింగ్‌కు పెడతాం.

1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పటి నుంచి చూసినా, నలభై ఏళ్లకు పైగా మీరు తెలుగువాళ్లను సోమరులుగా తయారు చేస్తూనే ఉన్నారు. అయినా ఆ పని ఇంకా పూర్తి కాలేదు. మీ సోమరులు పాలమూరు నుంచి పిల్లాపాపలతో వలసపోయి ఎక్కడెక్కడో డ్యాములు కట్టారు. శ్రీకాకుళం తీరం నుంచి రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్‌లో చేపల బోట్లెక్కుతున్నారు. హైదరాబాద్‌లో తెల్లారకముందే అడ్డా మీదకొచ్చి, ఎవరైనా పనికి పిలుస్తారేమోనని ఎదురు చూస్తున్నారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది కదా, దాని కింద నడి ఎండాకాలం పలుగూ పారా పట్టుకుని మట్టి తవ్వుకుంటామని పేర్లు రాయించుకున్నదీ వీళ్లే. బద్ధకస్తులు కోరుకునే సుఖం అంటే ఇదన్నమాట!

నాకు బాగా నచ్చింది మాత్రం మీ వేలిముద్రల మిషను. ఇటుకలు మోసి, సిమెంటు కలిపి, అంట్లు తోమి వేళ్లు అరిగిపోయిన మనిషి వచ్చి వేలు పెడితే, అది ‘ఈ మనిషివి నువ్వు కాదు’ అంటుంది. తుడుచుకుని మళ్లీ పెట్టమంటారు, ఇంకో వేలు పెట్టమంటారు, చివరికి రేపు రమ్మంటారు. అలా ఒక పూట కూలి పోతుంది. పని చేయరని తిట్టించుకునేవాళ్లకే పని చేసి చేసి వేలిముద్ర పడకపోవడం ఏమిటో, ఆ మిషనునే అడగాలి.

ఇక తాగుడు. ‘వాళ్ల చేతికి ఎంతొచ్చినా తాగేస్తారండీ’ అనే పెద్దమనుషులకు నెల్లూరు జిల్లా దూబగుంట గుర్తు లేదు. 1992లో అక్కడ రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి ఆడవాళ్లు ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ పోరు జిల్లాలు దాటింది, సారా వేలంపాటలు ఆగాయి. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో మొత్తం మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. మందు లేకుండా ఉండలేనని ముందుగా చేతులు వణికింది ఎవరికనుకున్నారు? సర్కారు ఖజానాకు! వ్యసనం ఎవరిదో మీరే చెప్పండి.

‘డబ్బు వాడుకోవడం తెలియదు, అందుకే పేదవాళ్లయ్యారు’ అనేది ఇంకో తీర్పు. పొద్దున్నే తొమ్మిది వందలు అప్పు తెచ్చి, సాయంత్రానికి వెయ్యి కట్టి, మధ్యలో కూరగాయలమ్మి ఇల్లు గడిపే ఆవిడకు లెక్కలు రావట! తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన ఒక పరిశోధన 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. పంట డబ్బు చేతికి రాకముందు, వచ్చాక, అవే మనుషులకు తెలివికి సంబంధించిన పరీక్షలు పెట్టారు. అప్పుల టెన్షన్ ఉన్నప్పుడు తక్కువ మార్కులు, డబ్బు వచ్చాక ఎక్కువ మార్కులు. కొద్ది నెలల్లో రైతు బుర్ర మారిపోదు కదా, మారింది జేబు. నెలాఖరులో ఈఎంఐ బౌన్సయిన రోజు మా మీటింగు సభ్యులకూ ఇదే పరీక్ష పెట్టాలని నా కోరిక. (సాయం అందితే జనం పని మానేస్తారా అని ఆరు దేశాల్లో లెక్కలు తీసి చూసినవాళ్లలో నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ ఒకరు. అలాంటి ఆధారమేమీ దొరకలేదు వాళ్లకు. మా మీటింగుకు వస్తే క్షణంలో దొరికేది.)

పన్నులు మేమే కడుతున్నామన్న మాట కూడా వచ్చింది. సబ్బు కొన్నా, ఫోన్ రీచార్జి చేయించుకున్నా జీఎస్టీ కట్టేది మీవాళ్లు కూడా అని ఎవరూ అనలేదు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను రేటు 30 శాతం నుంచి 22కు తగ్గించారు. ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్లు తగ్గుతాయని ఆ రోజు ప్రభుత్వమే చెప్పింది. దాన్ని ఉచితం అనకూడదు, ప్రోత్సాహకం అనాలి. అది తీసుకున్నవాళ్లు సోమరులవుతారని ఎవరికీ బెంగ లేదు.

మీకో వింత చెప్పనా? మిమ్మల్ని ఇంతగా తిట్టేవాళ్లలో కొందరి బీరువాల్లో మీరు భద్రంగా ఉన్నారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మీ విలువ అమాంతం పెరిగింది కదా! బియ్యం తీసుకుంటే నామోషీ, గుండె ఆపరేషన్‌కు మీరు పనికొస్తే మాత్రం తెలివి.

అందుకని నాదొక చిన్న మనవి. మీ పద్ధతినే అందరికీ పెట్టించండి. రాయితీ అందుకునే ప్రతి కంపెనీ డైరెక్టరూ నెలనెలా సంచి పట్టుకుని డీలరు షాపు ముందు లైన్లో నిలబడాలి. ఇంట్లో కారుందా, కరెంటు 300 యూనిట్లు దాటిందా అని ఆరా తీయాలి. సర్వర్ డౌన్ అయితే రేపు రమ్మనాలి. వేలిముద్రకు మాత్రం వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు, మొదటిసారికే పడుతుంది.

ఇట్లు,
ఇంటి లోను వడ్డీ మీద ఏటా రెండు లక్షల పన్ను మినహాయింపు వాడుకుంటూ, ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చిన ఒక స్వయంశక్తిపరుడు