ఏడుపును ఓర్చుకోవడం వేరు, ఏడుపుకు లొంగిపోవడం వేరు

“జెంటిల్ పేరెంటింగ్ అంటే పిల్లలు ఏం చేసినా ఊరుకోవడం. వద్దు అనకూడదట, శిక్షించకూడదట, కోప్పడకూడదట. ఇప్పటి పిల్లలు మొండిగా తయారైంది ఇందుకే. మేం దెబ్బలు తిని పెరిగాం, బాగానే ఉన్నాం.” ఈ మెసేజ్ ఈమధ్య నాకు నాలుగైదు చోట్ల నుంచి వచ్చింది. పంపినవాళ్లంతా పిల్లల మంచి కోరేవాళ్లే. అందుకే చూసీ చూడనట్టు వదిలేయలేక, ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

“ఏం చేసినా ఊరుకోవడం.” దానికి వేరే పేరుంది, పెర్మిసివ్ పేరెంటింగ్. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బామ్‌రిండ్ 1966లోనే తల్లిదండ్రుల తీరును మూడు రకాలుగా చెప్పారు. ఎదురు మాట్లాడకుండా చెప్పింది చేయాలనేది ఒకటి. దేనికీ అడ్డు చెప్పనిది ఇంకొకటి. హద్దు పెట్టి, అదెందుకో చెప్పి, పిల్లల మాట కూడా వినేది మూడోది. 1983లో ఎలినార్ మాకోబీ, జాన్ మార్టిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్నే రెండు ప్రశ్నలుగా మార్చారు: పిల్లల నుంచి మనం ఎంత ఆశిస్తున్నాం? వాళ్ల అవసరాలకు ఎంత స్పందిస్తున్నాం? రెండూ గట్టిగా ఉంటే మూడో తీరు. స్పందన ఉండి, ఆశించేది ఏమీ లేకపోతే పెర్మిసివ్. జెంటిల్ పేరెంటింగ్ అనే పేరు జనంలోకి చాలా తర్వాత వచ్చింది. కానీ దాన్ని అర్థం చేసుకుని పాటించే ఇళ్లలో కనిపించేది ఆ మూడో తీరే. మెసేజ్ రాసినవాళ్లు మాత్రం ఒక చివర దెబ్బ, ఇంకో చివర గారాబం, మధ్యలో ఏమీ లేదనుకున్నారు.

ఇక “వద్దు అనకూడదట” అన్నది. అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. ఫోన్ చూసే టైమ్ అయిపోయిందనుకోండి. “ఇంకా చూడాలనుంది కదా నాన్నా, కోపం వస్తోంది కదా. అయినా ఈ రోజుకి అయిపోయింది” అని అమ్మ ఫోన్ తీసుకుంటుంది. పిల్లాడు గుక్కపెట్టి ఏడుస్తాడు. అమ్మ తిట్టదు, పక్కనే కూర్చుంటుంది. ఫోన్ మాత్రం తిరిగి ఇవ్వదు. ఇది జెంటిల్. అదే ఏడుపుకు టెన్షన్ పడి “సరేలే, ఇంకో పది నిమిషాలు” అంటే పెర్మిసివ్. రెండు ఇళ్లలోనూ గొంతు మెత్తగానే ఉంది, అందుకే చూసేవాళ్లకు ఒకేలా అనిపిస్తుంది. ఫోన్ ఎవరి చేతిలో మిగిలిందో చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఆ పది నిమిషాల వల్ల ఏమవుతుందో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే పరిశోధకుడు కుటుంబాలను దగ్గరగా గమనించి వివరించారు. ఏడిస్తే పని జరుగుతుందని పిల్లాడికి అర్థమవుతుంది. ఇచ్చేస్తే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని మనకు అలవాటవుతుంది. మర్నాడు ఏడుపు ఇంకాస్త పెరుగుతుంది, మనం ఇంకాస్త తొందరగా ఇచ్చేస్తాం. నేనూ కొన్ని నెలలు ఇలాగే చేసి, ఓపికగా ఉంటున్నాననే అనుకున్నాను. నిజానికి పాప ఏడుపు చూసి తట్టుకోలేకపోయేదాన్ని. కోపం రావొచ్చు, కొట్టకూడదు. బాధ పడొచ్చు, వస్తువులు విసరకూడదు. భావాలన్నింటికీ చోటిచ్చి, చేతలకు మాత్రం హద్దు పెట్టమని హైమ్ గినాట్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడు 1960లలోనే చెప్పారు.

“శిక్షించకూడదట.” తప్పుకు ఫలితం లేదని ఎవరూ అనలేదు. నీళ్లు ఒలకబోస్తే తుడవాలి. బొమ్మతో తమ్ముణ్ణి కొడితే ఆ పూటకు బొమ్మ పైకెక్కుతుంది. తప్పుకూ దాని ఫలితానికీ సంబంధం ఉంటే పిల్లలకు అర్థమవుతుంది. నీళ్లు ఒలకబోసినందుకు వీపు మీద ఒకటి వేస్తే దొరక్కుండా ఉండటం నేర్చుకుంటారు.

“దెబ్బలు తిని బాగానే ఉన్నాం.” ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ అనే పరిశోధకులు 75 అధ్యయనాలను, అంటే లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల వివరాలను కలిపి చూసి 2016లో ఫలితాలు ప్రచురించారు. చేత్తో కొట్టే మామూలు దెబ్బల గురించే. దెబ్బలకు దూకుడుతో, మానసిక ఇబ్బందులతో, తల్లిదండ్రులతో చెడిన సంబంధాలతో ముడి కనిపించింది. అన్నింటికీ దెబ్బే కారణమని ఇలాంటి లెక్కలతో తేల్చలేం. కానీ దెబ్బ వల్ల మేలు జరిగిన జాడ మాత్రం కనపడలేదు. బాగా పెరిగినవాళ్లను చూస్తే, దెబ్బలతో పాటు వాళ్లకోసం నిలబడ్డ మనిషి కూడా ఒకరుంటారు. ఆ గొప్పతనం దెబ్బకు ఎందుకివ్వాలి?

ఈ మెసేజ్‌లో ఒక నిజం ఉంది. జెంటిల్ అనే పేరు చెప్పుకుని అడిగిందల్లా ఇచ్చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలు మొండికేస్తున్నారంటే నేను నమ్ముతాను, చూశాను కూడా.

చివరిది, “కోప్పడకూడదట.” అలసిపోయిన రోజు ఎవరికైనా కోపం వస్తుంది, నేనూ అరుస్తాను. కాసేపటికి పాప దగ్గరికి వెళ్లి చెబుతాను: “ఇందాక అరిచాను తల్లీ, అలా అరవకూడదు, సారీ. ఫోన్ మాత్రం రేపే.”