బండి పోతా ఉంది, అంతే కదా?

మొన్న రాత్రి అన్నాలు తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చుని గూడ్సు బండి నడుపుతుంటే మా అమ్మ వచ్చి వెనకాల నిలబడింది. తెర మీద అమెరికాలోని మోంటానా, మారియాస్ పాస్ అనే కనుమ, చుట్టూ మంచు, నిదానంగా ఘాట్ ఎక్కుతున్న బండి. పది నిమిషాలు చూసి "ఏముందిరా దీంట్లో, బండి పోతా ఉంది అంతే కదా, నువ్వేం జేస్తా ఉండావు?" అనింది. ఎగతాళికి కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది. ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను, అప్పట్నుంచి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మనకి గేమ్ అంటే తుపాకులు, స్కోరు, లెవెల్స్, ఎవడో ఒకడు ఓడిపోవాలి. నేను నడిపేది సిమ్యులేటర్, అంటే అసలు బండినో విమానాన్నో నడిపినట్టే కంప్యూటర్లో నడిపించేది, దాంట్లో ఓడించడానికి ఎవరూ ఉండరు. అసలిది పుట్టిందే ఆటగా కాదు, 1929లో ఎడ్విన్ లింక్ అనే ఆయన వాళ్ల కుటుంబం నడిపే, ఆర్గన్ అనే సంగీత వాద్యాల ఫ్యాక్టరీలో వాడే గాలితిత్తులతోనే కదిలే కేబిన్ ఒకటి చేశాడు, పైలట్లు నేల మీదే నేర్చుకోవడానికి. విమానం సిమ్యులేటర్ ఇళ్లలోకి వచ్చింది బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ప్రోగ్రామర్ వల్ల, 1980 ప్రాంతంలో యాపిల్ 2 కంప్యూటర్ మీద, తర్వాత 1982లో మైక్రోసాఫ్ట్ పేరుతో. ట్రైన్ సిమ్యులేటర్‌ని మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చింది, ఆ రూట్లు ఇప్పటికీ ఓపెన్ రైల్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. నేను వాడేది అదే.

ఇంక బ్రేకు సంగతి చెప్పాలి, ఎందుకంటే నాకు దీని రుచి తెలిసింది అక్కడే.

రైలు బ్రేకు గాలితో పనిచేస్తుందని అందరికీ తెలుసు. కానీ గాలి పంపితే బ్రేకు పడుతుంది అనుకుంటాం, ఉండేది దానికి రివర్సులో. ఇంజన్ నుంచి చివరి పెట్టె దాకా ఒక పైపు, అందులో చదరపు సెంటీమీటరుకి 5 కేజీల ప్రెషర్ ఎప్పుడూ ఉంటుంది, అది ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి, తగ్గితే పట్టుకుంటాయి. అందుకే మధ్యలో పైపు తెగిపోయినా, పెట్టెలు విడిపోయినా బండి దానంతట అదే ఆగుతుంది. ఎవరు ఆలోచించారో కానీ ఎంత గొప్ప ఆలోచన అది! మన ఇంజన్లలో ఈ గాలి తగ్గించే హ్యాండిల్‌ని ఏ-నైన్ అంటారు. అయితే 58 వ్యాగన్ల గూడ్సులో ముందు తగ్గించిన గాలి చివరి వ్యాగన్ దాకా తగ్గుకుంటూ పోవడానికి టైం పడుతుంది, వదిలేటప్పుడు పైపు మళ్లీ నిండాలంటే ఇంకా ఎక్కువ పడుతుంది. అంటే మనం ఇప్పుడు చేసే పనికి ఫలితం కాసేపటి తర్వాత వస్తుంది, ఆ కాసేపు ఎంత అనేది చేతికి తెలియాలి.

మా వీధిలో రిటైరైన లోకో పైలట్ మామ ఒకాయన ఉన్నాడు. ఒకరోజు బలవంతంగా పిల్చుకొచ్చి కూర్చోబెట్టాను. కీబోర్డు చూసి మొదట్లో చిరాకు పడ్డాడు గానీ పది నిమిషాల్లో ఆయన ముఖం మారిపోయింది, వీపు నిటారుగా అయింది. నేను స్టేషన్‌లో ఆపడం చూసి, "బండి ఆగింది సరే, పెట్టెల్లో పడుకున్నోళ్లంతా లేచి కూర్చుంటారు నాయనా. ముందు కొంచెం గాలి తియ్, పట్టుకుందా లేదా చూడు, మళ్లీ ఇంకొంచెం తియ్" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది నేను మర్చిపోలేను, "డబుల్ ఎల్లో కనపడినప్పుడే నీ మనసు పోయి రెడ్ దగ్గర నిలబడాల." డబుల్ ఎల్లో అంటే ముందు రెడ్ రావచ్చని ముందుగానే చెప్పే రెండు పసుపు దీపాలు. ముప్పై ఏళ్లకి పైగా రాత్రింబవళ్లు చేసిన పని మా ఇంటి హాల్లో ఆయన చేతుల్లోంచి మళ్లీ బయటికొచ్చింది. నేను పుట్టినప్పటి నుంచి రైలెక్కుతున్నా, ముందు కూర్చున్న మనిషి ఏం చేస్తాడో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఇప్పుడు చెన్నైకి పోతుంటే కిటికీలోంచి న్యూట్రల్ సెక్షన్ బోర్డులు వెతుక్కుంటాను, 500 మీటర్ల ముందు ఒకటి, 250 మీటర్ల ముందు ఇంకోటి, ఆ కాస్త దూరం పైన తీగలో కరెంటు ఉండదు, డ్రైవర్ పవర్ కట్ చేసి బండిని ఊపు మీదే దాటిస్తాడని తెలుసు కాబట్టి.

విమానం సంగతి వేరు, అందులో ఆగి ఆలోచించే టైం ఉండదు. ఫ్లైట్‌గేర్ అని ఇంకో ఫ్రీ సిమ్యులేటర్ ఉంది, దాంట్లో చిన్న సెస్నా 172 తీసుకుని మన రేణిగుంటలో దిగడం నేర్చుకున్నాను. రన్‌వే పేరు 08/26, అంటే ఒక చివర నుంచి దిక్సూచిలో సుమారు 80 డిగ్రీలు, రెండో చివర నుంచి 260. పడమటి నుంచి వస్తే నాటికల్ మైలుకి 300 అడుగుల చొప్పున దిగాలి, తిరుపతి ఊరి మీదకి వచ్చేసరికి మనం రెండున్నర వేల అడుగుల దగ్గర ఉంటాం, ఎడమ పక్క శేషాచలం మనకంటే ఎత్తుగా గోడలాగా నిలబడి ఉంటుంది. కిందికి జారిపోతుంటే ముక్కు పైకెత్తాలని చెయ్యి లాగుతుంది, కానీ అట్లా ఎత్తితే స్పీడ్ పడిపోయి ఇంకా కిందికి పోతాం, ఎత్తు కావాలంటే ఇంజన్ పవర్ పెంచాలి. ఈ ఒక్క విషయం బుర్రకి ఎక్కడానికి ఒక నిమిషం చాలింది, చేతికి ఎక్కడానికి రెండు నెలలు పట్టింది.

తిరుమల మీదుగా విమానాలు పోకూడదని టీటీడీ ఎంతోకాలంగా కేంద్రాన్ని అడుగుతూనే ఉంది. గేమ్‌లో ఆపేవాళ్లు ఎవరూ లేరు. అయినా నేను ఆనందనిలయం మీదుగా పోను, చంద్రగిరి దగ్గర కుడికి జరిగి స్వర్ణముఖి వెంబడి వస్తాను.

దీనివల్ల ఉపయోగం ఏంటి అని అడిగేవాళ్లకి మన పిల్లలు సాధారణంగా చెప్పే జవాబు "పైలట్ అవ్వడానికి పనికొస్తుంది" అని. నాకు ఈ జవాబు ఇష్టం లేదు, ఎందుకంటే సగమే నిజం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, అవి ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ 200 గంటల ఫ్లయింగ్ అడుగుతుంది, ఇంట్లో జాయ్‌స్టిక్ పట్టుకుని తిరిగిన గంటలు దాంట్లో ఒక్కటి కూడా కలవదు. అసలు మన ఇళ్లలో ప్రతి సరదాకీ ఉద్యోగాన్ని సాక్ష్యంగా తెచ్చుకోవాల్సి వస్తోంది, చదరంగం ఆడితే బుర్ర పెరుగుతుంది, పాట నేర్చుకుంటే కాలేజీ సీటొస్తుంది, ఇట్లా. ఇంకొకరి పని లోపల్నుంచి ఎట్లా ఉంటుందో తెలుసుకోవడంలో ఒక సంతోషం ఉంది, నేను దీంట్లో కూర్చునేది ఆ సంతోషం కోసమే, దానికి వేరే రసీదు అక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఖర్చు గురించి భయపడేవాళ్లకి ఒక మాట, పైన చెప్పిన రెండూ ఉచితమే, మామూలు పాత కంప్యూటర్లో కూడా సెట్టింగ్స్ తగ్గించుకుంటే నడుస్తాయి.

నాకు బాధ ఉన్నది వేరే చోట. మారియాస్ పాస్‌లో ప్రతి వంతెనా ఎవరో కూర్చుని పెట్టారు, మన లైన్లు పెట్టేవాళ్లేరి? 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ శాటిలైట్ ఫొటోలతో భూగోళం మొత్తాన్ని చూపించింది, కానీ అందులో చాలా ఎయిర్‌పోర్టులు, ఊళ్లు కంప్యూటర్ తనకు తోచినట్టు కట్టినవే. మెల్‌బోర్న్ శివార్లలో మామూలు ఇళ్ల మధ్య 212 అంతస్తుల టవర్ లేచింది, ఆ గేమ్ వివరాలు తీసుకున్న, ఎవరైనా రాయగలిగే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే ఫ్రీ మ్యాప్‌లో ఒకతను 2 అంతస్తులు అని కొట్టబోయి 212 అని కొట్టాడు, అంతే. జనం ఆ ఫొటోలు చూసి నవ్వుకున్నారు, నాకు మాత్రం వేరేలా అనిపించింది, ఒక్క మనిషి కొట్టిన ఒక్క అంకె ప్రపంచం మొత్తానికి కనపడిందంటే మన ఊరి వివరాలు మనం సరిగ్గా కొడితే అవీ అట్లాగే కనపడతాయి కదా. తిరుపతిలో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అని ఎక్కడెక్కడివో తెచ్చి పెడుతున్నారు, తిరుపతి నుంచి పాకాల మీదుగా కాట్పాడి లైన్‌ని ముగ్గురు పిల్లలు ఒక ఏడాది కూర్చుని చేస్తే ఎంత బాగుంటుంది, లెవెల్ క్రాసింగ్‌లతో సహా.

నేను ఒక్కడినే చిన్న ముక్క మొదలుపెట్టాను, రేణిగుంట నుంచి మామండూరు, బాలపల్లె మీదుగా కోడూరు దాకా. కొండల ఎత్తులకి 2000లో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో కొలిచిన డేటా ఉచితంగా దొరుకుతుంది, దాన్ని ఎక్కించగానే శేషాచలం దానంతట అదే లేచి నిలబడింది, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మామండూరు స్టేషన్ పెట్టి చుట్టూ అడవి నింపి మామని పిలిచాను. బండి నడపలేదు ఆయన, తెర వైపు చాలాసేపు చూసి "కరెంటు లైన్ పక్కన చెట్లు ఇంత దగ్గరగా ఉండనియ్యరు, కొట్టేస్తారు, వెనక్కి జరుపు" అన్నాడు. వచ్చే ఆదివారం పొద్దున బండిలో కోడూరు దాకా పోయి, రెండు పక్కలా చూసి రాసుకుని వచ్చి జరపాలి. బాలపల్లె ఇంకా మొదలే పెట్టలేదు.