ఇండెంట్ లేని పరిశోధన

ముప్పై ఒక్క ఏళ్లు నేను ఒక ప్రభుత్వ కర్మాగారంలో స్టోర్స్ విభాగం చూశాను. అక్కడ చేరిన రోజునే నేర్పే పాఠం ఒకటుంది: ఇండెంట్, అంటే ఫలానా సరుకు కావాలని అడిగే కాగితం, రానిదే బోల్టు కూడా గడప దాటకూడదు. ఏం కావాలి, ఎంత కావాలి, ఎవరి సంతకం అనే మూడు గడులు నిండితేనే సరుకు కదులుతుంది. సరుకు విషయంలో ఆ పద్ధతి సరైనదనే ఇప్పటికీ నమ్ముతాను. శాస్త్ర పరిశోధనను కూడా అదే పద్ధతిలో నడిపితే ఏమవుతుందో మాత్రం పోయిన ఏడాది అడిలైడ్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్న మూడు నెలల్లో, ఆస్ట్రేలియా సరఫరా శాఖ చరిత్ర చదువుతూ తెలుసుకున్నాను. అప్పటి నుంచి అది నా మనసును వదలడం లేదు.

1950 నుంచి 1974 వరకు ఉన్న ఆ శాఖ పని పేరుకు సైన్యానికి కావలసినవి సమకూర్చడమే అయినా, అడిలైడ్ పక్కన సాలిస్‌బరీలోని ఆయుధ పరిశోధన సంస్థ, వూమెరా ఎడారిలోని రాకెట్ ప్రయోగ క్షేత్రం, మెల్‌బోర్న్‌లోని వైమానిక పరిశోధనశాల అన్నీ దాని కిందే ఉండేవి. ఆ మెల్‌బోర్న్ పరిశోధనశాలలో డేవిడ్ వారెన్ అనే రసాయన శాస్త్రవేత్త విమాన ఇంధనాల మీద పనిచేసేవాడు. 1934లో, తనకు తొమ్మిదేళ్ల వయసులో, బాస్ జలసంధి మీదుగా వెళుతున్న విమానం కూలి తండ్రిని పోగొట్టుకున్నవాడు. తండ్రి చివరిసారిగా ఇచ్చిన కానుక ఒక చిన్న క్రిస్టల్ రేడియో సెట్టు.

కామెట్ జెట్ విమానాలు కూలిపోతున్న రోజుల్లో, కారణాలు ఊహించడానికి పిలిచిన నిపుణుల్లో వారెన్ కూడా ఒకడు. అంతా తలో ఊహ చెబుతుంటే, అంతకుముందు ఒక ప్రదర్శనలో చూసిన జేబు రికార్డరు ఆయనకు గుర్తుకొచ్చింది. కాక్‌పిట్‌లో మాటలను పట్టి ఉంచే యంత్రం ఒకటి ఉండి, అది మంటల్లో కాలిపోకుండా మిగిలితే ఊహలతో పనేముంటుంది? 1954లో ఆ ఆలోచనను నివేదికగా రాశాడు. ఎవరూ పట్టించుకోకపోతే తానే నమూనా తయారు చేయించాడు. సన్నటి ఉక్కు తీగ మీద నాలుగు గంటల మాటలు, పరికరాల రీడింగులు నమోదయ్యేవి. కొత్తవి ఎక్కుతున్నకొద్దీ పాతవి వాటంతటవే చెరిగిపోయేవి. పోయిన మనుషుల ఆఖరి మాటలు ఒక తీగ మీద నిలుస్తాయని, తండ్రి ఎలా పోయాడో తెలియకుండా పెరిగిన కొడుక్కి తట్టడం నన్ను చాలా కదిలించింది.

ఆ యంత్రాన్ని అడిగినవారు లేరు. పౌర విమానయాన శాఖ దీనివల్ల తమకు తక్షణ ప్రయోజనం లేదంది. అందులో వివరణల కంటే తిట్లే ఎక్కువ వినిపిస్తాయని వైమానిక దళం తేల్చింది. పైలట్ల సంఘం దాన్ని గూఢచారిగా చూసింది. పైలట్ల భయాన్ని నేను అర్థం చేసుకోగలను, మాట్లాడే ప్రతి మాటా ఎవరో వింటారంటే ఎవరికైనా ఇబ్బందే. సరఫరా శాఖ మౌనాన్ని మాత్రం అర్థం చేసుకోలేను. ఆ పరిశోధనశాల జీతాలు జనం కట్టిన పన్నులు, ఆ విమానాల్లో ఎక్కేదీ ఆ జనమే. చివరికి 1958లో బ్రిటన్ నుంచి వచ్చిన రాబర్ట్ హార్డింగమ్ అనే అధికారి భోజన విరామంలో ఆ నమూనాను చూసి, దాని విలువ గ్రహించి లండన్‌కు రప్పించుకున్నాడు. 1960లో క్వీన్స్‌లాండ్‌లోని మకాయ్ దగ్గర విమానం కూలి 29 మంది చనిపోయిన తరువాతే ఆస్ట్రేలియా స్వరం రికార్డు చేసే పరికరాన్ని విమానాల్లో తప్పనిసరి చేసింది. 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగినప్పుడు మనమంతా టీవీల ముందు కూర్చుని బ్లాక్ బాక్స్ దొరికిందా, దొరికిందా అని అడిగాం. మనం అడిగింది ఎవరూ ఇండెంట్ పెట్టని ఆ వస్తువునే.

అదే శాఖకు ఇండెంట్ వచ్చిన సందర్భం ఇంకొకటుంది. బ్రిటన్ తన అణుబాంబులను పరీక్షించుకోవడానికి చోటు అడిగితే, 1950లో ప్రధాని మెంజీస్ మంత్రివర్గాన్ని సంప్రదించకుండానే సరేనన్నాడు. 1956, 57లలో దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని మారలింగాలో ఏడు బాంబులు పేల్చారు. 1963 వరకు సాగిన 'చిన్న' ప్రయోగాల్లో దాదాపు 22 కిలోల ప్లుటోనియం అనే రేడియోధార్మిక విష పదార్థం ఆ ఎర్రమట్టి మీద చెల్లాచెదురైంది. అది ఖాళీ నేల కాదు. వేల ఏళ్లుగా అక్కడి మూలవాసులైన అనంగు ప్రజలు తిరిగే నేల. 1957లో ఒక అనంగు కుటుంబం, పిల్లలతో, కుక్కలతో సహా, ఒక బాంబు చేసిన గొయ్యి దగ్గర కనిపించింది. ఆ తల్లి అప్పుడు గర్భిణి. తరువాత బిడ్డ చనిపోయి పుట్టింది. ఈ సంగతి బయట చెప్పవద్దని అక్కడి సైనికులకు ఆజ్ఞలు అందాయి.

వాల్టర్ మెక్‌డూగల్ అనే గస్తీ అధికారిని, ఆ ఎడారిలోని స్థానికుల బాగోగులు చూడడానికి సాలిస్‌బరీ ఆయుధ సంస్థే నియమించింది. అంత విశాలమైన ఎడారిలో ఎవరెక్కడ ఉన్నారో వెతకడానికి ఆయనకు దొరికిన సాయం చాలా తక్కువ. ప్రజలకు హాని జరుగుతుందని ఆయన పదేపదే అభ్యంతరం చెబితే, శాఖ ముఖ్య శాస్త్రవేత్త ఆలన్ బ్యూట్‌మెంట్ 1956లో రాసిన జవాబు ఇప్పటికీ నమోదై ఉంది: ఈయన గుప్పెడు మంది స్థానికుల వ్యవహారాలను బ్రిటిష్ కామన్వెల్త్ దేశాల ప్రయోజనాల కంటే ఎక్కువగా చూస్తున్నాడట, ఆ ఆలోచనలో సమతూకం లేదట. రాసినవాడు గుమాస్తా కాదు, శాస్త్రవేత్త. ఆ వాక్యం చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు పెరట్లో తిరిగాను. మా ఇండెంట్ కాగితంలో లేని నాలుగో గడి నాకు అప్పుడు తెలిసింది: దీని నష్టం ఎవరిది?

రక్షణ పరిశోధన వద్దని నేను అనడం లేదు. హైదరాబాదువాణ్ణి, కంచన్‌బాగ్ రక్షణ ప్రయోగశాలల పక్కనే పెరిగిన పిల్లలను చూసినవాణ్ణి, అలా అనలేను. అగ్ని క్షిపణికి వాడిన తేలికైన పదార్థాన్ని నిమ్స్ ఎముకల వైద్యుడు ఒకరు చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైబడిన ఇనుప కాలిపర్లతో (కాళ్లకు ఆసరాగా కట్టే చట్రాలతో) కాళ్లీడ్చుకుంటున్న పిల్లలను చూపించాడు. కొద్ది వారాల్లోనే మూడు వందల గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ ఇండెంట్ సైన్యం పెట్టింది కాదు. ఒక డాక్టరు ఆ గేటు దాటి లోపలికి రాగలిగాడు, అంతే. ప్రతి రక్షణ ప్రయోగశాలకూ అలా బయటివాళ్లు వచ్చి అడిగే దారి ఒకటి, మెక్‌డూగల్ వంటివాడు వద్దు అంటే ఆ మాటను తప్పనిసరిగా నమోదు చేసి పార్లమెంటు ముందు పెట్టే దారి ఒకటి ఉండాలని నేను కోరుతున్నాను. పదేళ్లకో ఇరవై ఏళ్లకో కాదు, ఆ పని జరుగుతుండగానే.

మారలింగా సంగతులు పూర్తిగా బయటికి రావడానికి 1984లో మెక్‌లెలాండ్ విచారణ కమిషన్ వేయవలసి వచ్చింది. అప్పటికి ఆ శాఖ రద్దయి పదేళ్లు. శుభ్రం చేసే పని 2000లో ముగిసింది, చివరి భాగం 2009లో అనంగు వారికి తిరిగి దక్కింది. ఇప్పటికీ ప్లుటోనియం చెదిరిన చోటు చుట్టూ హద్దు బోర్డులు ఉన్నాయి. ఆ హద్దు లోపలికి వేటకు వెళ్లవచ్చు, కానీ రాత్రి అక్కడ మకాం వేయకూడదు.